అబ్రహాము ఇంజను

అచ్యుతరామారావు కొన్న కారులో ఉన్నది ఏ ఇంజనో అమ్మినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు.

అచ్యుతరామారావుకు విజయవాడ గవర్నరుపేటలో మందుల దుకాణం ఉంది. భార్య ఇందిరాదేవికి మోకాళ్ల నొప్పులు ముదిరి రిక్షా ఎక్కడం, దిగడం కూడా కష్టమైపోయింది. అందుకని ఆయన హనుమాన్ జంక్షన్‌లో పాత బండ్లు అమ్మే బ్రోకరు దగ్గర ఒక తెల్ల అంబాసిడర్ కొన్నాడు. కొత్తగా రంగు వేసి ఉంది. సీట్లకు కొత్త రెక్సిన్ కుట్టి ఉంది. తాళం తిప్పగానే ఇంజను మెత్తగా అందుకుంది. అంతకు మించి చూడటం ఆయనకు తెలియదు.

ఇంటికి తెచ్చాక రెండు చిక్కులు వచ్చాయి. ఊరు దాటి కాస్త దూరం పోగానే ఇంజను కాగిపోయి, రేడియేటరు మూతలోంచి ఆవిరి తన్నుకొచ్చేది. గుడికని బయలుదేరిన ఇందిరాదేవి రోడ్డు పక్కన తుమ్మచెట్టు నీడలో గంటలకొద్దీ కూర్చోవలసి వచ్చేది. అదొక చిక్కు. రెండోది, బండిని తన పేరుకు మార్పించుకోబోతే ఆఫీసులో ఇంజను నంబరు అడిగారు. ఇంజను బ్లాకు మీద నంబరు రేకు ఉండవలసిన చోట రివెట్ల కన్నాలు తప్ప ఏమీ లేవు. ఎవరో ఊడబీకేశారు.

ఆయన బండిని ఆటోనగర్‌లో పుల్లయ్య షెడ్డుకు తీసుకెళ్లాడు.

పుల్లయ్య బోనెట్టు ఎత్తి చూశాడు. "ఈ బండి పాత మోడలండి. దీంట్లో రావాల్సిన ఇంజనుకి ప్లగ్గులు నెత్తిమీద ఉంటాయి. దీనికి చూడండి, పక్కనున్నాయి. ఇది తర్వాతొచ్చిన ఇంజను. పాతది తీసేసి వేరే బండిది పెట్టారు" అన్నాడు.

"ఏ బండిదో?"

"అదెట్టా చెబుతామండీ. ఎక్కడన్నా అచ్చుపోసిన అంకెలుంటే చూద్దాం."

పుల్లయ్య తీగల బ్రష్షు తీసుకుని బ్లాకు పక్కల ఉన్న నల్ల రంగు గీకడం మొదలుపెట్టాడు. అంకెలు కనపడలేదు. రంగు కింద నుంచి పసుపుపచ్చగా ఇత్తడి మెరిసింది. ఇనుము చీలితే ఇత్తడి పోసి అతికిన చోటు అది. ఇంకా గీకాడు. అతుకు కిందికి దిగి మూడు పాయలుగా చీలింది. పుల్లయ్య బ్రష్షు ఆపేశాడు.

ఆ అతుకు వేసింది తనేనని అతనికి అనుమానం వచ్చింది. తను అటువంటి అతుకులు ఎన్నో వేశాడు. కానీ మూడు పాయల చీలిక ఒక్కసారే చూశాడు. అది చల్లపల్లి అబ్రహాము టాక్సీ. ఆ టాక్సీ, దాన్ని నడిపే అబ్రహాము, డెబ్బై ఏడు ఉప్పెనలో ఏమయ్యారో ఏళ్లు గడిచినా ఇంతవరకూ తెలియలేదు.

"ఏవయ్యా, ఏం దొరికింది?" అన్నాడు అచ్యుతరామారావు.

"బండి ఇక్కడ వదిలెళ్లండి. ఒకళ్లని పిలిపించాలి" అన్నాడు పుల్లయ్య.

అబ్రహాము తమ్ముడు సంజీవరావు విజయవాడలోనే ఒక అచ్చాఫీసులో కంపోజిటరు. పుల్లయ్య కబురు విని అతను ఆ ఆదివారమే చల్లపల్లి బస్సెక్కాడు.

అబ్రహాము భార్య మార్త చల్లపల్లిలో మిషను బడి పంతులమ్మ. మరిది వచ్చేసరికి ఆమె ఆరాధన నుంచి అప్పుడే వచ్చి, వంటింట్లో కూర తరుగుతోంది. అత్తగారు సంపూర్ణమ్మ అరుగు మీద కూర్చుని రోడ్డు వంక చూస్తోంది. ఉప్పెన తర్వాత ఆవిడ పగలంతా అక్కడే కూర్చోవడం అలవాటు చేసుకుంది.

ఉప్పెన వచ్చిన శనివారం పొద్దున, గాలి అప్పుడే మొదలైన సమయంలో, ఒక కుటుంబం తమవాళ్ల దగ్గరికి చేరాలని తొందరపడితే అబ్రహాము వాళ్లను ఎక్కించుకుని అవనిగడ్డ వెళ్లాడు. వాళ్లను క్షేమంగా దింపాడు. ఆ మాట వాళ్లే చెప్పారు. ఆ తర్వాత సంగతి రెండు విధాలుగా చెప్పారు. జబ్బు బిడ్డను ఎత్తుకున్న మనిషి బతిమాలితే అబ్రహాము కోడూరు వైపు పోయాడని టీ కొట్టువాడు అన్నాడు. కాదు, కారు పులిగడ్డ వైపు, అంటే ఇంటి దారి పట్టడం కళ్లారా చూశానని ఒక సైకిలు షాపువాడు అన్నాడు. సాయంత్రానికి సముద్రం పైకొచ్చింది. నీళ్లు తీశాక సంజీవరావు ఆ దారులన్నీ తిరిగాడు. శవాల మధ్య తిరిగాడు. అన్నా కనపడలేదు, కారూ కనపడలేదు.

కొన్ని నెలలకు ఒక లారీ డ్రైవరు రాజమండ్రిలో అబ్రహామును చూశానని చెప్పాడు. గడ్డం పెంచాడట. పిలిస్తే తిరిగి చూడకుండా పోయాడట. అప్పటినుంచి సంపూర్ణమ్మ కొడుకు బతికే ఉన్నాడంటోంది. ఊళ్లో కొందరు మరో మాట అన్నారు. మనిషి పారిపోవడానికి ఉప్పెన మంచి సాకు దొరికిందన్నారు. మార్త ఎవరికీ జవాబు చెప్పలేదు. మెళ్లో గొలుసు తీయలేదు. రంగు చీర కట్టుకున్నా, తెల్ల చీర కట్టుకున్నా జనం చూస్తారని, ఆ రెండూ కాని వెలిసిన చీరలే కట్టుకుని బడికి వెళ్లేది.

సంజీవరావు చెప్పింది విని ఆమె కత్తిపీట పక్కకు జరిపింది.

"మూడు పాయల అతుకా?" అంది.

"అవును వదినా. నువ్వొచ్చి చూస్తే గానీ ఖాయంగా చెప్పలేనంటున్నాడు పుల్లయ్య. అతుకేసిన రోజు నువ్వూ ఉన్నావంటగా."

అరుగు మీదనుంచి సంపూర్ణమ్మ గొంతు వినిపించింది. "ఏవిట్రా అది? కారు దొరికిందా?"

"కారు కాదమ్మా. ఇంజను. అదీ మనదో కాదో తెలీదు."

"ఇంజను దొరికితే మనిషీ దొరుకుతాడు. పోండి, పోయి చూడండి" అందావిడ.

మర్నాడు మార్త బడికి సెలవు పెట్టి మరిదితో బయలుదేరింది. బస్సు కూచిపూడిలో ఆగి మళ్లీ కదిలాక, రోడ్డు పక్కన కాలువ కనిపించింది. ఆ కాలువ గట్టు మీదే అప్పట్లో కారు ఆగిపోయింది. గుడివాడలో ఆమె చెల్లెలి పెళ్లికి వెళుతున్నారు. ఇంజను కాగిపోతే, ముహూర్తం దాటిపోతోందని అబ్రహాము ఆగలేక, బకెట్టుతో కాలువనీళ్లు తెచ్చి మరుగుతున్న ఇంజను మీద గుమ్మరించాడు. ఠప్పుమని చప్పుడైంది. బ్లాకు చీలింది. పెళ్లికి ఎడ్లబండి మీద వెళ్లారు. తర్వాత పుల్లయ్య షెడ్డులో ఇత్తడి పోసి అతుకుతున్నంతసేపూ ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. చల్లారాక ఆ చీలిక కోడి పాదంలా కనిపించింది. మూడు వేళ్లూ ఉన్నాయి గానీ ఒక వేలు పొట్టిది. "నా ఇంజను మీద కోడి నడిచెళ్లింది" అని అబ్రహాము నవ్వాడు. ఆ తర్వాత ఎవరికైనా బోనెట్టు ఎత్తి చూపించేవాడు.

సంజీవరావు పక్క సీట్లోంచి మెల్లగా మాట్లాడుతున్నాడు. "వదినా, నేను పుల్లయ్యని ఒకటి అడిగా. ఇంజను ఉప్పునీళ్లలో మునిగితే తెలుస్తుందా అని. తెలుస్తుందన్నాడు. తుప్పు తినేస్తుందంట. దాచినా దాగదంట. అది మన ఇంజనే అయ్యి, నీళ్లలో మునగలేదనుకో..."

అతను ఆగాడు. మార్త కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"మునగకపోతే, అన్నయ్య కారు తోలుకుని దివిసీమలోంచి బయటికొచ్చేసినట్టే. ఎక్కడో దాన్ని అమ్ముకున్నట్టే. అంటే మనందర్నీ..."

"తెలుసు సంజీవా" అంది మార్త.

షెడ్డు దగ్గర అచ్యుతరామారావు ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఈ వ్యవహారం ఎటు తిరుగుతుందో అర్థం కాక గాభరాగా ఉంది. మార్తను చూసి లేచి నిలబడ్డాడు.

"నేను దొంగసొత్తని తెలిసి కొనలేదమ్మా" అన్నాడు.

"అయ్యో, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనటం లేదండీ" అంది మార్త.

పుల్లయ్య బల్బు పట్టుకుని బ్లాకు పక్కకు వెలుగు చూపించాడు. మార్త చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని ముందుకు వంగింది. ఇత్తడి మీద వెలుగు పడింది. ఒక పొడుగు గీత. కింద మూడు పాయలు. లోపలివైపున్న పాయ పొట్టిగా ఆగిపోయింది. ఆమె చెయ్యి చాపి ఆ పొట్టి పాయను వేలితో తడిమింది.

"ఇదేనండీ" అంది. "ఆయన ఇంజనే."

పుల్లయ్య తల వంచుకున్నాడు. "నాకూ అట్టాగే అనిపించిందమ్మా. నా నోటితో అనకూడదని మిమ్మల్ని పిలిపించాను."

సంజీవరావు ముందుకొచ్చి ఇంజనంతా కలియజూశాడు. ఎక్కడా తుప్పు లేదు. గొట్టాలు, నట్లు, బోల్టులు అన్నీ శుభ్రంగా ఉన్నాయి. "దీనికి ఉప్పునీళ్లు తగిలినట్టుందా పుల్లయ్యా?" అన్నాడు.

"పైకి కనపట్టంలేదండి."

"లోపల?"

"ఇంజను పైమూత, హెడ్డు ఎత్తాలి."

"ఎత్తవయ్యా. ఎటూ కాగిపోతోందని ఇచ్చాను కదా, విప్పి చూడు" అన్నాడు అచ్యుతరామారావు.

హెడ్డు విప్పేదాకా మార్త షెడ్డు బయట రేకుల నీడలో పాత టైరు మీద కూర్చుంది. సంజీవరావు ఆమె ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. అతని మొహం ఎర్రబడింది.

"నేను శవాలు తిప్పి చూశాను వదినా. ఒక్కొక్క మొహం కడిగి చూశాను. ఆయనేమో రాజమండ్రిలో గడ్డం పెంచుకుని..."

"ఇంకా తెలీదుగా" అంది మార్త.

"తెలీకపోవడమేంటి? చూశావుగా, అద్దంలాగుంది. అమ్మ అక్కడ రోడ్డు చూసి చూసి కళ్లు పోగొట్టుకుంటోంది. దొరకనీ, నేను..."

మార్త అతన్ని వారించలేదు. తిట్టనిచ్చింది. అతను తిట్టేకొద్దీ ఆమె గుండెల్లో ఏదో తేలికవుతోంది. అతని ప్రతి తిట్టుకూ అవతల ఒక బతికున్న మనిషి నిలబడుతున్నాడు. రాజమండ్రిలో ఒక ఇల్లు ఊహించుకుంది. ఆ ఇంట్లో మరో ఆడమనిషి ఉందనుకుంది. ఆవిడకొక బిడ్డ ఉందనుకుంది. ఆ బిడ్డకు అబ్రహాము లాగా ముందుపళ్ల మధ్య సందు కూడా ఉందనుకుంది. ఆ ముగ్గురూ అన్నం తింటున్నట్టు చూసింది. బాధ కలగలేదు. వదిలేసిపోయినా సరే, మరో పెళ్లి చేసుకున్నా సరే, నా మొహం చూడకపోయినా సరే, ఎక్కడో ఒకచోట ఊపిరి పీలుస్తూ ఉండు అనుకుంది. మనసులోనే ప్రార్థన చేసింది. తన భర్త తనను మోసం చేసి ఉండాలని దేవుణ్ణి అడిగింది.

లోపల పుల్లయ్య పిలిచాడు.

హెడ్డు తీసి పక్కన పెట్టాడు. నాలుగు సిలిండర్లూ తళతళలాడుతున్నాయి. సంజీవరావు అందులోకి తొంగిచూసి, "చూశావా వదినా?" అన్నాడు. కోపమూ, ఏడుపూ కలిసిన గొంతు అది.

మార్త పుల్లయ్య మొహం చూసింది. అతని మొహంలో వెలుగు లేదు.

"ఇది కొత్త బోరమ్మా" అన్నాడు అతను. "మరలో పెట్టి లోపలంతా చెక్కించారు. పెద్ద సైజు పిస్టన్లు వేశారు. ఎవరో బాగా ఖర్చుపెట్టి చేయించారు. ఇనుము చెక్కేశాక తుప్పు ఉందో లేదో తెలీదు. ఉప్పునీళ్లలో మునిగినా ఇంతే మెరుస్తుంది, మునక్కపోయినా ఇంతే."

"అయితే ఎట్టా తెలుస్తుంది?" అంది మార్త.

పుల్లయ్య బ్లాకు పక్కకు వంగాడు. "ఇంజను ఎందుకు కాగిపోతోందా అని నిన్నటినుంచి ఆలోచిస్తున్నానమ్మా. రేడియేటరు బాగుంది. పంపు బాగుంది. నీళ్లు లోపల తిరగటంలేదు. ఏదో అడ్డముంది." బ్లాకు పక్కన వరసగా బిగించిన గుండ్రటి రేకు బిళ్లలు చూపించాడు. "వీటి వెనకాల నీళ్లు తిరిగే గదులుంటాయి. చెక్కేవాళ్లు సిలిండర్లు చెక్కుతారుగానీ ఈ గదుల్లోకి ఎవరూ చెయ్యి పెట్టరు."

ఉలి పెట్టి ముందు బిళ్ల మీద కొట్టాడు. బిళ్ల ఊడింది. ఎర్రటి నీళ్లు కారాయి. అంతే. రెండో బిళ్ల కొట్టాడు. మళ్లీ ఎర్రనీళ్లే. చివరిది, ఇంజను వెనకవైపున్న బిళ్ల మొరాయించింది. చాలాసేపు కొట్టగా వంగి, ఊడి కింద పడింది.

ఆ కన్నంలోంచి నీళ్లు రాలేదు.

పుల్లయ్య స్క్రూడ్రైవరు దూర్చి తిప్పాడు. ఎండిన పేడలా గట్టిపడిన బూడిదరంగు మట్టి పెళ్లలు పెళ్లలుగా రాలింది. కింద పరిచిన కాగితం మీద పోగయింది. ఇంకా లోపలికి పొడిచాడు. మట్టితోపాటు చిన్న చిన్న గవ్వల ముక్కలు, వడ్లగింజంత నత్తగుల్లలు పడ్డాయి.

అచ్యుతరామారావు మంచివాడు. మార్త మొహం చూడలేకపోయాడు. "కాలువనీళ్లు పోసినా ఇట్టాగే ఉంటుందేమోనమ్మా. డ్రైవర్లు ఎక్కడపడితే అక్కడ నీళ్లు పోస్తారుగా. మన కాలువల్లో నత్తలుండవా?" అన్నాడు.

"ఉంటాయండి" అన్నాడు పుల్లయ్య.

మార్త వంగి మట్టిపెళ్ల ఒకటి తీసుకుంది. వేళ్ల మధ్య నలిపింది. సంజీవరావు "వదినా" అన్నాడు. ఆమె ఆ పొడి కాస్త నాలుక మీద వేసుకుంది.

ఉప్పగా ఉంది. నాలుక మండేంత ఉప్పు.

ఆమె కొంగుతో నోరు తుడుచుకుని, బయటికి వెళ్లి టైరు మీద కూర్చుంది. సంజీవరావు కూడా ఆ పొడి రుచి చూసి, కాగితం ముందు అలాగే గొంతుకూర్చున్నాడు. ఇందాక అన్నను తిట్టిన తిట్లన్నీ అతనికి గుర్తొచ్చాయి. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

అచ్యుతరామారావే ఆ మాట ఎత్తాడు. ఈ ఇంజను బ్రోకరుకు ఎవరమ్మారో అడుగుదామన్నాడు. ఆయనకు బ్రోకరు మీద కోపం ఉంది. మార్తకు మాత్రం అక్కడ అడగవలసింది ఒక్కటే ఉంది. మధ్యాహ్నం ఎండలోనే నలుగురూ హనుమాన్ జంక్షన్ బస్సెక్కారు.

బ్రోకరు మొదట దబాయించాడు. పాతసామానంటే పాతసామానేనండి, పుట్టుపూర్వోత్తరాలు ఎవరికి తెలుసన్నాడు. వచ్చినామె ఎవరో విన్నాక మెత్తబడి, ఏలూరు రోడ్డులో పాత ఇనుము కొట్టు శౌరయ్య దగ్గర కొన్నానని చెప్పి, తనే వెంటపెట్టుకుని తీసుకెళ్లాడు.

శౌరయ్య పెద్దవాడు. కొట్టు ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. వెనకాల బస్సు రేకులు, ట్రాక్టరు చక్రాలు, నాగళ్లు గుట్టగా పడి ఉన్నాయి. మార్త ఎదురుగా నిలబడి, "అయ్యా, మీరు దివిసీమ నుంచి అంబాసిడర్ ఇంజను తెచ్చారా?" అని అడిగింది.

"తెచ్చానమ్మా. నీళ్లు తీశాక లారీ వేసుకుని వెళ్లాను. రోడ్ల మీదా, డ్రైన్లలో పడున్న ఇనుమంతా తీసుకుపొమ్మన్నారు. తీశాం."

"ఆ కారు ఎక్కడ దొరికింది?"

"కోడూరు దాటాక, మురుగుకాలవలో. పక్కకు పడిపోయి, సగం పైగా బురదలో కూరుకుపోయింది. ముందు భాగమంతా నుజ్జయింది. రేడియేటరు కొట్టుకుపోయింది. గొలుసులేసి లాగితే బాడీ ముక్కలుముక్కలుగా వచ్చింది. ఇంజనొక్కటే పనికొచ్చేట్టు కనపడింది."

"లోపల..." అంది మార్త.

శౌరయ్యకు అర్థమైంది. మంచం మీదనుంచి లేచాడు. "మీవాళ్లా అమ్మా?"

"నా భర్త."

"ఎవరూ లేరు తల్లీ. నేనే దిగి చూశాను. ముందూ వెనకా బురదే. మనిషి లేడు."

"తలుపులు?"

"డ్రైవరు వైపు తలుపు లేదమ్మా. తెరిస్తే గాలికి విరిగిపోయిందో, నీళ్లే పీక్కుపోయాయో మరి."

సంజీవరావు తల ఎత్తాడు. "అంటే దిగి ఉండొచ్చుగా? దిగి ఎక్కడికైనా..."

శౌరయ్య అతని వంక జాలిగా చూశాడు. "దిగి ఉండొచ్చు బాబూ. దిగితే మాత్రం ఎక్కడికి పోతాడు? ఆ చుట్టుపక్కల తాటిచెట్ల మొవ్వుల్లో గేదెలు ఇరుక్కుని కనపడ్డాయి మాకు."

మార్త ఆయనకు దణ్ణం పెట్టింది. ఆ కారులో జబ్బు బిడ్డ కూడా ఉండి ఉంటుందని ఆమెకు అప్పుడే తట్టింది. ఆ బిడ్డ పేరు గానీ, ఆ తండ్రి పేరు గానీ ఎవరికీ తెలియదు. వాళ్లకోసం వెతికేవాళ్లు కూడా మిగిలారో లేదో.

ఆమె ఇల్లు చేరేసరికి సంపూర్ణమ్మ అరుగు దిగి రోడ్డు మీదికే వచ్చి నిలబడింది. మార్త ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. కోడిపాదం అతుకు చెప్పింది. మట్టి చెప్పింది. ఉప్పు చెప్పింది. కోడూరు డ్రైను చెప్పింది. ఏదీ దాచలేదు. దాస్తే ఆ ముసలావిడ ఎప్పటికీ ఆ అరుగు మీదనుంచి లేవదని అనుకుంది.

సంపూర్ణమ్మ అంతా విన్నది. చివరికి, "తలుపు లేదన్నాడా?" అంది.

"లేదన్నాడు అత్తయ్యా."

"డ్రైవరు వైపేనా?"

"ఆ వైపే."

"అయితే దిగాడు." ఆవిడ మొహం విప్పారింది. "నే చెప్పలా? వాడు మందకొడి కాదే. నీళ్లు రావటం చూసి దూకుంటాడు. చిన్నప్పుడు కాలవ ఈ గట్టునుంచి ఆ గట్టుకి ఒక్క ఊపులో ఈదేవాడు."

"అత్తయ్యా, అది కాలవ కాదు. సముద్రం."

"లోపల లేడన్నారా, లేదా?"

"లేడన్నారు."

"మరి?"

మార్త తెచ్చిన వార్తనే అత్తగారు మరోవైపు తిప్పి పట్టుకుంది. ఆ వైపు నుంచి చూస్తే అదీ తప్పని చెప్పడానికి లేదు. కానీ మార్త నాలుక మీద ఆ ఉప్పు ఇంకా పోలేదు. మంచినీళ్లు తాగినా పోలేదు.

కొన్ని వారాలకు అచ్యుతరామారావు చల్లపల్లి వచ్చాడు. పళ్లు తెచ్చాడు. ఇంజను ఎవరిదో తేలింది కనుక, ఆ యజమాని అమ్మినట్టు సంతకం తెస్తే బండి తన పేర రాస్తామని ఆఫీసువాళ్లు అన్నారని చెప్పాడు. యజమాని లేకపోతే, ఆయన చనిపోయారని భార్యా, తల్లీ ఇద్దరూ రాసివ్వాలట.

"అడగటానికి నోరు రావటంలేదమ్మా" అన్నాడు. "పోలీసులంటే భయం. నా భార్యేమో ఆ బండి మళ్లీ ఎక్కనంటోంది."

"నేను చేస్తానండీ సంతకం" అంది మార్త.

అరుగు మీదనుంచి సంపూర్ణమ్మ, "నా కొడుకు చచ్చాడని నేను రాసివ్వను" అంది. గట్టిగా అనలేదు. పొయ్యి మీద పాలు చూడమన్నంత మామూలుగా అంది.

అచ్యుతరామారావు మరి బలవంతం చెయ్యలేదు. కాఫీ తాగి వెళ్లిపోయాడు. తర్వాత బండికి వేరే ఇంజను కాయితాలతో సహా కొని వేయించుకున్నాడని సంజీవరావు చెప్పాడు. అబ్రహాము ఇంజను పుల్లయ్య షెడ్డు వెనక గోడవారన ఉంది. దాన్ని అమ్మడానికి పుల్లయ్యకు మనసొప్పలేదు. ఏం చెయ్యమంటారని కబురు పంపితే, ఏం చెప్పాలో మార్తకు తోచలేదు. వానలొచ్చాక దానికి తుప్పు పట్టి ఉంటుంది.

పాస్టరుగారు ఒకసారి ఇంటికొచ్చి, జ్ఞాపకార్థ కూటం పెడితే మనసు కుదుటపడుతుందని మెల్లగా అన్నారు. సంపూర్ణమ్మ ఆయన ముందునుంచి లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. మార్త, "ఆవిడ ఉన్నన్నాళ్లూ వద్దులెండి" అంది.

ఎండలు ముదరకముందే సంపూర్ణమ్మ కోడూరు తీసుకెళ్లమని పట్టుబట్టింది. ఇద్దరూ బస్సులో వెళ్లారు. శౌరయ్య చెప్పిన డ్రైను దగ్గర దిగారు. నీళ్లు అడుగున ఎక్కడో ఉన్నాయి. గట్ల మీద కొత్తగా వేసిన పాకలున్నాయి. సంపూర్ణమ్మ ఒక్కో పాక ముందూ ఆగి, కొడుకు ఎత్తూ, రంగూ చెప్పి, ముందుపళ్ల మధ్య సందు సంగతి చెప్పి అడిగింది. వాళ్లు ఓపిగ్గా విన్నారు. ఒక ముసలావిడ మంచినీళ్లిచ్చి, తన పిల్లల సంగతి చెప్పింది. ఆవిడ పిల్లలూ దొరకలేదు. ఇద్దరు ముసలివాళ్లూ పాక నీడలో కాసేపు చేతులు పట్టుకుని కూర్చున్నారు. మార్త డ్రైను గట్టు మీద నిలబడింది. ఏ చోటో గుర్తుపట్టడానికి అక్కడ ఏమీ లేదు.

తిరుగు బస్సులో సంపూర్ణమ్మ కిటికీ పక్కన కూర్చుంది. మొహానికి ధూళి పట్టింది. అలసిపోయింది గానీ నిరాశ పడలేదు.

"వచ్చేసారి నాగాయలంక వైపు అడుగుదామే" అంది. "పడవలవాళ్లకు తెలిసుంటుంది."

"అలాగే అత్తయ్యా" అంది మార్త. కండక్టరు వస్తే ఇద్దరికీ చల్లపల్లికి టిక్కెట్లు తీసుకుంది.